పందిటివారి తెల్లన్న

పోయిన నెల మా టిఫిన్ అంగడికి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలు, భుజాలకు సంచులు. తలా రెండు కారం దోసెలు తిని, చేతులు కడుక్కుని, తీరిగ్గా విషయం బయటపెట్టారు. మా ఇంటిపేరున్న వాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారట. ఆ ఇంటిపేరు ఎట్లా పుట్టింది, మూలపురుషుడు ఎవరు అని ఒక పుస్తకం వేస్తారట. మా ఇంటిపేరు ఎద్దుల. “మన మూలపురుషుడు విజయనగరం సైన్యంలో ఎడ్లదళానికి దళపతి” అన్నాడు పెద్దాయన, మీసం మీద చెయ్యి వేసి. నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ ఏడో తరగతిలో బడి నన్ను వదిలించుకున్నప్పటి నుంచి నా నోటికి తాళం వేసే అయ్యవారు దొరకలేదు. “అన్నా, మా జేజినాయన చెప్పిన కత వేరే ఉండాదే. ఆ మూలపురుషుడు సంతకు ఒక ఎద్దును తోలుకపోయి రెండెద్దులతో తిరిగొచ్చినాడంట. ఆ రెండోది ఎవురిదో ఇంతవరకు తేలలా” అన్నాను. వాళ్ళు కాఫీ తాగకుండానే లేచిపోయారు.

వాళ్ళు పోయాక కూడా నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోంచే కువైట్ గుర్తుకొచ్చింది. ఇంటిపేర్లు ఎట్లా పుడతాయో నాకు మొదట చెప్పినవాడు ఏ సంఘం అధ్యక్షుడూ కాదు, మంచుదేశంలో పుట్టిన లాఫ్లర్ సారు. ఒక కొత్త మనిషి ఒక పాత ఇంటిపేరులోకి నడిచి రావడం నేను కళ్ళారా చూసింది కూడా ఆయన వల్లనే. అదీ తుపాకీ ఎదురుగా.

సారు కెనడాలో ఫ్రెంచి మాట్లాడే సీమవాడు. కువైట్‌లో ఇంజనీరు. భార్య చనిపోయి చాలాకాలమైంది, పిల్లలు అక్కడే ఉండేవాళ్ళు. సాల్మియాలో సముద్రం కనపడే ఫ్లాటులో ఆయన ఒక్కడు, ఆయనకు వంటవాణ్ణి నేనొకణ్ణి. నాకు అప్పుడు మీసం ఇంకా గట్టిపడలేదు. ఆయన ఆరడుగులు దాటి ఇంకా మిగిలిపోయే మనిషి, వాకిట్లోకి వచ్చేటప్పుడు దేవుడికి దండం పెట్టినట్టు తల వంచేవాడు. పొద్దున్నే నల్లకాఫీ వాసన, దాని వెనకే ఆయన పైపు పొగ, కిటికీ తీస్తే ఉప్పుగాలి. మధ్యాహ్నం నేను ఎండుమిరపకాయలతో తిరగమాత పెడితే తుమ్ముకుంటూ వంటింట్లోకి వచ్చి నిలబడేవాడు. ఓబులేసు అనే నా పేరులో ముప్పాతిక ఆయన నోట్లోనే కరిగిపోయి ‘ఓబ్’ మాత్రం బయటికొచ్చేది. నాకంటే సన్నగా ఉల్లిపాయలు తరిగేవాడు. తరుగుతూ తన సీమ ఇంటిపేర్లు చెప్పేవాడు. కొందరికి పేకాట పిచ్చి, ఆయనకు తాతల పిచ్చి.

మూడువందల ఏళ్ళ పైచిలుకు కిందట ఫ్రాన్సు నుంచి కొన్నివేలమంది ఓడలెక్కి ఆ మంచు అడవుల్లోకి పోయి పాతుకున్నారట. ఇప్పుడు అక్కడ లక్షలమంది మోస్తున్న ఇంటిపేర్లు చాలావరకు వాళ్ళవేనట. ట్రాంబ్లే అనే ఇంటిపేరువాళ్ళు ఆ సీమలో ఏ సందులో చూసినా తగులుతారట. వాళ్ళందరికీ మూలపురుషుడు ఒక్కడేనట. “ఒక్కడేనా సార్! ఆయనకు ఇంకేం పనుండేది కాదా?” అన్నాను. సారు నవ్వి నవ్వి కత్తి కింద పెట్టేశాడు. ఫూర్నియే అంటే రొట్టెల బట్టీ చూసుకునేవాడు. పెల్తియే అంటే బొచ్చుతోళ్ళు కుట్టేవాడు. ర్వా అంటే రాజు, కానీ ఆ పేరుతో ఓడ దిగినవాళ్ళలో రాజు ఒక్కడూ లేడు. నాకు అన్నిటికంటే నచ్చినవి సిపాయిల పేర్లు. పటాలంలో చేరినవాడికి ఒక ముద్దుపేరో ఎకసక్కెం పేరో తగిలించేవాళ్ళట: చింతలేనోడు, మెత్తనోడు, కొండనరికినోడు. పోరు ముగిశాక కొందరు సిపాయిలు అక్కడే భూములు తీసుకుని పెళ్ళిళ్ళు చేసుకున్నారు. సరదాకు పెట్టిన పేరు పిల్లల నెత్తిన ఇంటిపేరై కూర్చుంది. లాఫ్లర్ అంటే పువ్వు. ఆరడుగుల పువ్వును చూసి నేనన్నాను: “మా ఊర్లో అయితే గూనోడు, చెవిటోడు అని పెడతారు సార్. మీ కెప్టెన్ ఎంత మంచోడో!”

అట్లా ఉల్లిపాయలతో, తాతలతో గడిచిపోతున్న రోజుల్లో ఒక పొద్దున కాఫీ పెడదామని లేచేసరికి సముద్రం రోడ్డు మీద ట్యాంకులు పోతున్నాయి. నేను మొదట కువైట్ వాళ్ళవే ఏదో పండగ చేసుకుంటున్నారనుకున్నాను. సారు కిటికీ దగ్గర నిలబడి, పైపు వెలిగించడం మరిచిపోయి, “ఇరాక్, ఓబ్” అన్నాడు. కొన్నాళ్ళకు హుకుం వచ్చింది: తెల్లదేశాల వాళ్ళంతా ఫలానా హోటలుకు వచ్చి లొంగిపోవాలి. అక్కడినుంచి వాళ్ళను ఇరాక్ తీసుకుపోయి, బాంబులు పడకుండా ఫ్యాక్టరీల దగ్గర, ఆనకట్టల దగ్గర అడ్డం పెడుతున్నారని ఊరంతా గుప్పుమంది. వాళ్ళను దాచినవాళ్ళకు చావే. సారు పోనన్నాడు. “మిమ్మల్ని దాచాలంటే ముందు ఒక మూర నరకాల సార్” అన్నాను. జోకు వేసి, పోయి తలుపు గడియ ఇంకోసారి చూసొచ్చాను.

అప్పుడు నాకు తట్టిన మనిషి నాగమ్మక్క. రాజంపేట దగ్గరామె, మొగుడు పోయాక కువైట్ వచ్చి రుమైథియాలో ఒక పెద్దింట్లో పని చేసేది. ఆ ఇంటి ‘మామా’, అంటే యజమానురాలు, పిల్లలు అంతా ఎండలకని లండన్ పోయి, తాళాల గుత్తి అక్క చేతిలో పెట్టారు. అక్కకు ఒక పద్ధతి ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా సరే, గ్లాసులో నీళ్ళు పోసేలోపు ఇంటిపేరు అడగాల్సిందే. గ్యాసు తెచ్చే బంగ్లాదేశ్ పిల్లోణ్ణి అడిగింది, ఏసీ బాగుచేసే ఈజిప్టు మిసిరీని అడిగింది. వాళ్ళకు మనలాగా ఇంటిపేర్లు ఉండవని నేను చెబితే, ‘అయ్యో పాపం’ అని ఇంకో గ్లాసు మజ్జిగ పోసేది.

“అక్కా, మా సారును కొన్నాళ్ళు దాచిపెట్టాల” అన్నాను.

“ఏ ఇంటోళ్ళు?”

“కెనడా వాళ్ళక్కా.”

“ఊరు కాదురా సచ్చినోడా, ఇంటిపేరు!”

“లాఫ్లర్. అంటే పువ్వు.”

“పువ్వులోళ్ళా. ఇంటిపేరు బాగుండాది. తోలుకరాపో” అంది. అంత పెద్ద నిర్ణయం అంత చిన్న విచారణతో అయిపోయింది. మన ఆఫీసుల్లో ఎవరూ ఇంత తొందరగా సంతకం పెట్టి ఎరుగరు.

సారును ఖాళీ ఉల్లిగడ్డ సంచుల కింద పడుకోబెట్టి, అబ్బాసియా సరుకుల అంగడి వ్యానులో పట్టపగలే తీసుకుపోయాను. చెక్‌పోస్టు దగ్గర సంచుల్లోంచి తుమ్ము వచ్చింది. నేను వెంటనే అంతకంటే పెద్దగా తుమ్మాను. ఇంకోటి వచ్చింది. నేను ఇంకోటి తుమ్మాను. సిపాయి నా మొహం చూసి ముక్కు మూసుకుని, “యల్లా, యల్లా” అని తరిమేశాడు. మిద్దె మీద తన గదిని అక్క సారుకిచ్చి, తాను కింద వంటింటి పక్కన పరుపు వేసుకుంది. నేను గరాజులో చేరాను. ఇంట్లో మూటల కొద్దీ బియ్యం, పప్పు ఉన్నాయి. ఖుబ్జ్ రొట్టెల కోసం బట్టీ దగ్గర వరసలో నిలబడడం నా పని. ఆ రోజుల్లోనే కువైట్ పిల్లలు రాత్రికి రాత్రి వీధుల పేర్ల బోర్డులు, ఇంటి నంబర్లు పీకేశారు, సిపాయిలకు ఎవరి ఇల్లు ఎక్కడో తెలియకుండా. నేనూ ఒక స్క్రూడ్రైవరు పట్టుకుని రెండు బోర్డులు విప్పాను. తెల్లారేసరికి ఊరంతా పేరులేని ఊరైపోయింది. రొట్టెలు పట్టుకుని నేనే దారి తప్పి, మా ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగాను.

పేర్లు పోయిన ఊళ్ళో, మిద్దె మీద మాత్రం పేర్లే పేర్లు. పొద్దుగూకే ముందు గాలి కాస్త చల్లబడ్డాక అక్క అన్నం పట్టుకుని పైకి వచ్చేది, సారు చెప్పేవాడు, నేను తెలుగు చేసేవాణ్ణి. మధ్యలో నా సొంత కల్పనలు కూడా కలిపేవాణ్ణి, ఇద్దరికీ తెలియదు కదా. అక్క తన పుట్టింటి సంగతి చెప్పింది. వాళ్ళు పందిటివారు. ఎండాకాలం బాట పక్కన పందిరి వేసి, దారినపోయే వాళ్ళకు నీళ్ళు పోసిన మనిషి వాళ్ళ మూలపురుషుడట. సారు అది విని గంతేసినంత పని చేశాడు. అచ్చం తన సీమలో లాగానే ఉందన్నాడు. అందరం సంతోషంగా ఉన్న ఆ క్షణంలో, ఆయన నోరు జారి, తన భార్య పుట్టింటి పేరు కూడా లాఫ్లరే అన్నాడు. నేను కూడా నోరు జారి దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేశాను.

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. “ఏందీ? అన్నాచెల్లెళ్ళు పెళ్ళి చేసుకున్నారా?”

“కాదక్కా, వాళ్ళ దేశంలో...”

“ఏ దేశమైతే ఏంది? ఒక ఇంటిపేరంటే ఒక రగతం కాదా! పెద్దోళ్ళు లేరా వాళ్ళకు సెప్పేదానికి!”

కంచం అక్కడే పెట్టి దిగిపోయింది. మరుసటి రోజు అన్నం పైకి నాతోనే పంపింది, తను రాలేదు. బయట ఇరాక్ సైన్యం, లోపల నాగమ్మక్క. సారు బయటి సైన్యం కంటే లోపలి సైన్యానికే ఎక్కువ కుంగిపోయాడు. చివరికి మెట్ల మీద కూర్చుని, నన్ను పక్కన పెట్టుకుని, వంటింటి వైపు తిరిగి మొత్తం విడమరిచి చెప్పాడు. ట్రాంబ్లే లాంటిది కాదు లాఫ్లర్. ప్రతి కంపెనీలోనూ ఎవడో ఒకడికి పువ్వు అనే పేరు పెట్టేవాళ్ళు. ఆయన మూలపురుషుడు ఫ్రాన్సులో ఒక మూలవాడు, భార్య మూలపురుషుడు ఇంకో మూలవాడు. ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు. అక్క తలుపు చాటున నిలబడి అంతా విని, “అట్ల సెప్పొచ్చు కదా. ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు. అట్లయితే సేసుకోవచ్చు” అంది. ఆ పూట గుడ్డు పులుసు కూడా పెట్టింది. మూడువందల ఏళ్ళనాడు పోయిన ఇద్దరు ఫ్రెంచి సిపాయిలకు ఆవిడ రుమైథియాలో గోత్రాలు తేల్చేసింది.

తర్వాత నాలుగైదు వారాలకు కాబోలు, ఎండ నడినెత్తిన ఉన్న వేళ, గేటు మీద బూటుతో తన్నిన చప్పుడైంది. ఒక హవల్దారు లాంటివాడు, ఇద్దరు కుర్ర సిపాయిలు. కుర్రవాళ్ళు నేరుగా వంటింట్లో ఫ్రిజ్ దగ్గరికి పోయారు. హవల్దారు వయసు మళ్ళినవాడు, బూటుకు తాడు కట్టుకున్నాడు. సోఫా కింద, పరదాల వెనక చూసి, “అజానిబ్? అజానిబ్?” అని అడుగుతున్నాడు. పరదేశీయులు ఉన్నారా అని. మమ్మల్ని వాళ్ళు పరదేశీయుల్లో లెక్కేసేవాళ్ళు కాదు. అక్క నీళ్ళ గ్లాసు పట్టుకొచ్చింది. గ్లాసు ఇవ్వబోయి, అలవాటు చొప్పున ఆగిపోయింది. వచ్చినవాడు తుపాకీతో వస్తే మాత్రం పద్ధతి మారుతుందా?

“శిస్మక్? ఇబ్న్ మన్?” అంది, తన వంటింటి అరబీలో. పేరేంటి, ఎవరి కొడుకువి?

హవల్దారు ముందు కళ్ళెర్రజేశాడు. తర్వాత ఏమనుకున్నాడో, తుపాకీ గోడకు ఆనించాడు. ఎన్ని వారాలుగానో ఆయన్ను ఎవరూ అది అడిగి ఉండరు. “కాదిమ్, ఇబ్న్ జబ్బార్, ఇబ్న్ మోహన్...” అంటూ వేళ్ళు మడుస్తూ తాతల్ని వరసగా దింపాడు. మోహన్ అనగానే నేను ఉలిక్కిపడ్డాను, కొంపదీసి మా రాయచోటి వాడేమో అని. అయిదో తాత దగ్గర ఆగి, ఆ తాత బస్రా దక్షిణాన ఎంత పొలం దున్నాడో చేతులు చాచి చూపించాడు. అక్క తలాడిస్తూ నీళ్ళిచ్చింది. ఇక అయిపోయింది, పోతాడు అనుకుంటుండగా, మిద్దె మీద సారు దగ్గాడు.

ఆ దగ్గు కూడా ఆరడుగుల దగ్గు. హవల్దారు గ్లాసు పెట్టి, తుపాకీ తీసుకుని, మెట్టు మీద కాలు పెట్టాడు. “మినూ ఫోగ్?” పైనెవరు?

నా నోరు అబద్ధాలకు పెట్టింది పేరు. ఆ రోజు ఒక్కటి పలకలేదు. అక్కే అంది: “మా అన్న. జ్వరం.”

“శిస్మా? ఇబ్న్ మన్?” అన్నాడు హవల్దారు. తనను అడిగింది తిరిగి అడిగాడు. న్యాయమే కదా.

అక్క ఎంతటి చిక్కులో పడిందో ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. ఆవిడ ఇంటిపేర్ల విషయంలో అబద్ధం ఆడే మనిషి కాదు. గోత్రం తేలేవరకు మిద్దె మెట్లెక్కని మనిషి. పోయిన పెద్దల పేర్లు ఊరికే నోట పలకకూడదని నన్ను ఎన్నోసార్లు కసిరిన మనిషి. అలాంటిది కొంగు తల మీదికి లాక్కుని, చేతులు కడుక్కున్నట్టు చీరకు తుడుచుకుని, మెల్లగా మొదలుపెట్టింది. “పందిటి పూలయ్య. ఇబ్న్ నారాయణప్ప. ఇబ్న్ చెన్నప్ప. ఇబ్న్ వెంకటప్ప. ఇబ్న్ పెద్దోబన్న. ఇబ్న్ గంగప్ప. ఇబ్న్ తిరుమలప్ప.” ఒక్కో పేరుకు కొంచెం ఆగింది, ఆ తాతను అడిగి ఒప్పించి ముందుకు పోతున్నట్టు. పూలయ్య అంటే మా పువ్వు సారు, మిగతావాళ్ళు ఆవిడ కన్నతండ్రి, తాత, ముత్తాతలు. ఆరుగురు రాజంపేట పెద్దమనుషులు ఆ ఎండలో వచ్చి మెట్లకు అడ్డంగా నిలబడ్డారు. హవల్దారు వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు. తనకంటే ఎక్కువే వచ్చాయి. మెట్టు మీది కాలు తీసి, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

కుర్రవాళ్ళను పిలుచుకుని గేటు దాకా పోయి, వెనక్కి తిరిగి మిద్దె మీద దండెం వైపు చూశాడు. సారు చొక్కా ఆరేసి ఉంది అక్కడ, తెరచాప లాగా. “నీ అన్న బాగా పొడుగు. చొక్కా లోపల ఆరేయమని చెప్పు” అన్నాడు అక్కతో, మెల్లగా. పోయాడు. ఇంకోసారి రాలేదు. నేను అక్కడే నేల మీద కూలబడి నవ్వాను, ఏడ్చాను, ఏది ముందో గుర్తులేదు.

తర్వాతి వారం మనవాళ్ళను ఇరాక్ మీదుగా దాటించే బస్సుల్లో మా ఇద్దరికీ చోటు దొరికింది. నేను సంచి సర్దుకున్నాను. అక్క అంట్లు తోముతూనే ఉంది. “నువ్వు పోరా అబ్బీ. మా అన్నను ఇడ్సిపెట్టి నేను యాడికొస్తా?” అంది. అన్న అంటోంది! అంతకుముందు ‘మీ సారు’ అనేది. నేను బస్సు దాకా పోయి, కిటికీ పక్క సీటు కూడా చూసుకుని, మళ్ళీ సంచితో వెనక్కి వచ్చాను. “ఏమొచ్చినావు?” అంది. “మీ అన్నాచెల్లెళ్ళు ఎట్ల మాట్లాడుకుంటారు, తెలుగు చేసేవాడు లేకుండా?” అన్నాను. చలి మొదలయ్యాక, పట్టుకున్నవాళ్ళందరినీ వదిలేస్తున్నామని రేడియోలో చెప్పారు. సారు పగటి వెలుగులో గేటు దాటాడు. దాటే ముందు అక్క ఆయన్ను నిలబెట్టి ఆరుగురు తాతల పేర్లూ అప్పజెప్పించుకుంది. పెద్దోబన్న దగ్గర ఆయన నాలుక మడత పడింది. మళ్ళీ మొదటినుంచి చెప్పించింది.

ఇప్పుడు కాలం వేరు. సారు కూతురు నాకు ఫోన్లో మొహం చూపించి మాట్లాడుతుంది. అక్కడ ఒక సీసాలో ఉమ్మి పంపిస్తే చాలట, మూలపురుషులంతా బయటపడతారట. “మీ ఉమ్మిలో రాజంపేట కనపడలేదామ్మా?” అని అడిగాను. పడీపడీ నవ్వింది. ఆ నవ్వు అచ్చం వాళ్ళ నాన్నది. అప్పుడు ఒక మనిషి ఎవరో తెలుసుకోవాలంటే ఎదురుగా కూర్చుని అడగాలి, వాడు చెప్పాలి, మనం నమ్మాలి. ఇప్పుడు ఎవరినీ అడగనక్కర్లేదు. అడిగేవాళ్ళూ లేరు, మా అంగడికి వచ్చే సంఘం వాళ్ళు తప్ప. నాకు ఇది గొప్పగానే ఉంటుంది, పిల్లలు ఏది చేసినా గొప్పే. కానీ మెట్టు మీద పెట్టిన కాలును ఉమ్మి వెనక్కి తీయించలేదు కదా.

పోయిన ఏడాది ఆ పిల్లే ఫోను చేసి, నాన్న నిద్రలోనే పోయాడని చెప్పింది. నేను బస్సెక్కి రాజంపేట దగ్గర అక్క ఊరికి పోయాను. డెబ్బై దాటిన మనిషి, ఇప్పుడు పుట్టింటి వాకిట్లోనే ఒక గదిలో ఉంటోంది. విషయం వినగానే లేచి కొళాయి కింద కూర్చుని, కట్టుకున్న చీరతోనే తల మీద నీళ్ళు పోసుకుంది. “అన్న పోతే ఆడబిడ్డకు మూడు దినాలు మైల” అని, దేవుడి గూటికి గుడ్డ కట్టింది. మైల అంటే పందిటివారందరికీ మైలే. ఆవిడ మేనల్లుడు సుబ్బడికి ఆ వారంలో కొత్తింట్లో పాలు పొంగించే ముహూర్తముంది. వాడు లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చాడు.

“అత్తా, నీకేమన్నా పిచ్చా? తెల్లోడు మన వంశంలోకి ఎట్లొస్తాడు? ఎవురు నమ్ముతారు?”

అక్క తడి జుట్టు పిండుకుంటూ వాడివైపు చూసింది.

“తుపాకి పట్టుకున్నోడే నమ్మినాడు కదరా. నీకేమొచ్చింది?”

సుబ్బడు ముహూర్తం మార్చుకున్నాడు.